సోమవారం తెలిసిన నడుము

నేను కోదాడలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతాను. ఇల్లు సూర్యాపేటలో. ఏడాదిలో ఎక్కువ నెలలు నన్ను లెక్చరర్ అంటారు. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం చేతిలో కరపత్రాల కట్ట, బైకు మీద కాలేజీ స్టిక్కరు, జేబులో ఇంటర్ పిల్లల ఫోన్ నంబర్ల జాబితా. మా వైపు ప్రైవేటు కాలేజీల్లో ఇది మామూలే. థర్మోడైనమిక్స్ చెప్పిన నోటితోనే "మా కాలేజీకి బస్సు సౌకర్యం కూడా ఉందండి" అని ఊరూరా చెప్పుకుంటూ తిరగాలి. మనిషికి ఇంతమంది పిల్లల్ని చేర్పించాలని టార్గెట్ ఉంటుంది.

ఈ రోజుల్లో అందరూ అడిగేది కంప్యూటర్ సైన్సే. మెకానికల్ అంటే, విందులో చివరి బంతికి మిగిలిన సాంబారును చూసినట్టు చూస్తారు. పాలకీడులో ఒక రైతు ఇంటికి వెళ్లాను. మంచం వాల్చి కూర్చోబెట్టాడు, మజ్జిగ ఇచ్చాడు, కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మెకానికల్ సదివితే మావోడు ఏమైతడు సార్?"

"నా లెక్క అయితడు," అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. కమిలిన ముఖం, వీపుకు అంటుకుపోయిన చొక్కా, దుమ్ము కొట్టుకున్న బూట్లు. "ఇంకో గిలాస మజ్జిగ తాగు సార్," అన్నాడు. చర్చ అక్కడితో ముగిసింది. హాలియాలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. కాకపోతే అక్కడ నిమ్మరసం.

ప్రతి సోమవారం తొమ్మిదింటికి స్టాఫ్ మీటింగ్. ప్రిన్సిపాల్‌గారిది సరిహద్దు అవతల ఆంధ్రాలోని ఊరు. ఆయనకు కోపం కూడా మర్యాదగానే వస్తుంది. పేరు పేరునా పిలిచి, వారంలో ఎన్ని అడ్మిషన్లు తెచ్చామో అడుగుతారు. సున్నా చెప్పినవాళ్లు మీటింగ్ అయిపోయేదాకా నిలబడి ఉండాలి. ఎవరూ తిట్టరు, కొట్టరు. నిలబడాలి, అంతే. పీహెచ్‌డీలు చేసినవాళ్లు, జుట్టు నెరిసినవాళ్లు, హోంవర్కు చేయని పిల్లల్లా చేతులు ముందుకు కట్టుకొని నిలబడతారు. కూర్చున్నవాళ్లు వాళ్లవైపు చూడకుండా తమ డైరీల్లో ఏదో వెతుకుతుంటారు.

నాతోపాటు ప్రతివారం నిలబడే మనిషి మా లెక్కల సార్. యాభై దాటాయి. ఆయన ఏమీ మాట్లాడకుండా నిలబడతాడు. నేను అలా కాదు, ఏదో ఒకటి అంటాను.

"మళ్లీ సున్నాయేనా మాస్టారూ?" అని ప్రిన్సిపాల్‌గారు అడిగితే, "సున్నా కనిపెట్టింది మనవాళ్లే కద సార్, మనమన్నా గౌరవించకపోతే ఎట్ల," అనేవాణ్ని. అందరూ నవ్వేవాళ్లు. ఆయన కూడా నవ్వేవారు. తర్వాత నేను నిలబడే ఉండేవాణ్ని.

ఏప్రిల్ మొదట్లో అలాంటి ఒక నవ్వు తర్వాత, మీటింగ్ ముగిసి కూర్చోబోతుంటే, నడుములో ఎవరో పట్టుకారుతో పట్టినట్టయింది. బైకు మీద తిరిగిన నొప్పే అనుకున్నాను. వారమైనా తగ్గలేదు. స్టాఫ్ రూంలో ఆ మాట ఎత్తానో లేదో, లెక్కల సార్ తన మోకాళ్ల సంగతి చెప్పాడు. ఇంగ్లీషు మేడం మెడ సంగతి చెప్పింది. సివిల్ ఆయనకు తలనొప్పి, లైబ్రేరియన్‌కు భుజం. ఒక్క గదిలో అన్ని అవయవాలూ దొరికాయి.

ఇంతమందికి ఇన్ని నొప్పులంటే కారణం ఒక్కటే అయి ఉండాలని అందరం కలిసి ఆలోచించాం. చదువుకున్నవాళ్లం కదా, తేల్చేశాం. కారణం కుర్చీలు.

ఇంగ్లీషు మేడం అర్జీ రాసింది. అందరం సంతకాలు పెట్టాం. మా కాలేజీ చరిత్రలో యాజమాన్యం స్టాఫ్ అడిగింది ఇచ్చిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే. పదిహేను రోజుల్లో కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీలు దిగాయి, మెత్తవి, వెనక్కి వాలేవి. మాసిపోతాయని వాటి ప్లాస్టిక్ కవర్లు తీయనివ్వలేదు. మే నెల ఎండలో ఆ కవర్ల మీద కూర్చుని అందరం చెమటలు కక్కుకుంటూ హాయిని అనుభవించాం. లేచినప్పుడల్లా ప్యాంటు ఒక చప్పుడు చేసేది. నొప్పులు మాత్రం ఒక్కటీ కదల్లేదు. సోమవారం నాడు ఆ మెత్తటి కుర్చీల్లోంచి లేచి మళ్లీ నిలబడేవాళ్లం. ఎవరికీ అనుమానం రాలేదు.

మే మధ్యలో నేను సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాను. సూర్యాపేటలో ఎక్స్‌రే తీశారు, నార్మల్. స్కానింగ్ తీశారు, నా వయసువాళ్లకు ఉండాల్సినట్టే ఉందన్నారు. అమ్మ మొదట సంతోషించి దేవుడికి దండం పెట్టింది. తర్వాత నావైపు అనుమానంగా చూసింది.

"అన్ని మంచిగనే ఉంటే మరి ఎందుకు లేస్తలేవురా?"

"రిపోర్టు లేచింది, నేనే లేస్తలేను," అన్నాను.

అమ్మ ఇటుకరాయి వేడిచేసి గుడ్డలో చుట్టి కాపడం పెట్టింది. మంచం మీంచి కిందికి, కింది నుంచి మంచం మీదికి మార్చింది. ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. మిరపకాయల ఘాటుకు దగ్గితే నొప్పి ఇంకాస్త పెరిగింది. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. తలుపు దగ్గర నిలబడి రోజుకోసారి ఒకే మాట అనేవాడు.

"ముప్పై ఏండ్లు స్టీరింగ్ తిప్పిన. నాకు రాని నడుమునొప్పి నీకెట్లొచ్చెరా?"

"నీదంత మిగుల్చుకొని నాకిచ్చినవ్ నాన్నా."

అప్పటికి ఇంకా జోకులు ఆడుతున్నాయి. పదిరోజుల తర్వాత అవీ ఆగిపోయాయి. స్నేహితుల వాట్సాప్ గ్రూపు తెరవబుద్ధి కాలేదు. అమ్మ నాకిష్టమని గోంగూర మటన్ వండితే, ఎవరి ఇంట్లోదో కూర తిన్నట్టుగా తిన్నాను. పొద్దున లేవగానే అలసటగా ఉండేది. రాత్రంతా నేనెక్కడో మూటలు మోసి వచ్చినట్టు. నడుమునొప్పికి అమ్మ భయపడలేదు. ఒకరోజు అన్నంలోకి రాయి వస్తే నేను దానిమీద ఏమీ అనకుండా తీసి పక్కన పెట్టాను. దానికి భయపడింది.

"ఏమన్న అనురా," అంది.

నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను.

ఆ వారమే కాలేజీ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. జూలైలో క్లాసులు మొదలయ్యేనాటికి రాకపోతే నా సబ్జెక్టు వేరేవాళ్లకు ఇస్తారట. మూడో ఏడాది మెకానికల్‌లో నాకున్నది నలుగురు పిల్లలు. నలుగురే కాబట్టి ఎవరు ఎప్పుడు అర్థంకాక తలూపుతున్నారో ముఖం చూసి చెప్పగలను. కరపత్రాలు, మీటింగులు, ఎండలు అన్నీ భరించింది ఆ ఒక్క క్లాసు కోసమే. అది పోతే నాకు కోదాడ బస్సు ఎక్కే కారణమే ఉండదు. కానీ మంచం మీంచి స్నానాలగదికి వెళ్లిరావడానికే గోడ పట్టుకుంటున్నవాణ్ని, గంటసేపు బోర్డు ముందు ఎలా నిలబడను?

నాన్నకు ఎవరో పాత కండక్టర్ మిర్యాలగూడలో ఒక నొప్పుల డాక్టరమ్మ ఉందని చెప్పాడు. తీసుకెళ్లాడు. ఆమె నడుమును ఎంతసేపు పరీక్షించిందో, అంతసేపు నిద్ర గురించీ తిండి గురించీ అడిగింది. చివరికి ఒక నోటుబుక్కు కొనుక్కోమంది. రోజూ పొద్దున, సాయంత్రం నొప్పి పదికి ఎంతో రాయాలి. పక్కన ఆ రోజు ఏం జరిగిందో కూడా రాయాలి. రెండు వారాలు రాసి మళ్లీ రమ్మంది.

రాశాను. రెండోసారి వెళ్లేటప్పుడు బస్సులో నాన్న డ్రైవరు క్లచ్ తొక్కే తీరు మీద మిర్యాలగూడ దాకా వ్యాఖ్యానం చెప్పాడు. డాక్టరమ్మ పుస్తకం చివరిదాకా తిరగేసి, మళ్లీ మొదటికి వచ్చింది.

"రెండు వారాల్లో బయటికి పోయినవా?"

"లేదు మేడం."

"బండి నడిపినవా? బరువు ఎత్తినవా?"

"దిండు ఎత్తిన."

"ఆదివారం పొద్దున నాలుగు. ఆదివారం సాయంత్రం ఏడు. సోమవారం పొద్దున తొమ్మిది. సోమవారం సాయంత్రం అయిదు. రెండు వారాలూ అట్లనే ఉంది." పుస్తకం నావైపు తిప్పింది. "పడుకొని ఉన్న నడుముకు సోమవారం అని ఎట్ల తెలిసింది?"

నేను పుస్తకంలోకి చూశాను. రాసింది నేనే, కానీ చూసింది ఆమె.

"గురువారం ఒక్కరోజు రెండు ఉన్నది. ఆ రోజేమైంది?"

ఆ రోజు మా క్లాసులో హాలియా నుంచి వచ్చే అమ్మాయి ఒక లెక్క రావట్లేదని ఫోన్ చేసింది. గంటకు పైగా చెప్పాను. ఎప్పుడు లేచి కూర్చున్నానో నాకు గుర్తులేదు.

అప్పుడు సోమవారం మీటింగు సంగతి చెప్పాల్సి వచ్చింది. నిలబెట్టడం గురించి చెబుతుంటే పక్కన నాన్న కుర్చీలో కదిలాడు. ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో నేను సార్‌ని.

"నిలబెడ్తరా?" అన్నాడు నాన్న. "చిన్నపోరగాళ్ల లెక్క?"

"గోడకుర్చీ ఇంకా వేయించలేదు నాన్నా."

డాక్టరమ్మ నవ్వలేదు. నేను అసలు అడగాలనుకున్నది అడిగాను. "అంటే నా నొప్పి ఉత్తదేనా మేడం? నేనే పుట్టించుకున్ననా?"

"ఉత్తది కాదు. తొమ్మిది అని రాసినవంటే తొమ్మిదే," అంది. "నొప్పి ఎప్పుడైనా తయారయ్యేది మెదడులనే. కాలికి ముల్లు గుచ్చుకున్నా సరే, కాలు కబురే పంపుతది, అది ఎంత నొప్పి అని లెక్కకట్టేది మెదడు. అవమానం, భయం, దిగులు, వీటిని చూసుకునే జాగాలు, నొప్పిని చూసుకునే జాగాలు చాలావరకు పక్కపక్కనే ఉంటయి, కొన్నయితే ఒకటే. రోజూ తల దించుకొని బతికితే ఆ జాగా ఎప్పుడూ జాగారం చేస్తుంటది. ఫంక్షన్ హాల్లో మైక్ సెట్టు సౌండ్ పెంచి మర్చిపోయినట్టు. గుసగుస కూడా కేకలెక్క వినిపిస్తది. నడుములో చిన్న పట్టు ఉండొచ్చు. దాన్ని తొమ్మిది చేస్తున్నది ఆ సౌండు. తిండి రుచి పోవుడు, ఎవరితో మాట్లాడబుద్ధి కాకపోవుడు, అది డిప్రెషన్. రెండు రోగాలు అనుకుంటున్నవు. ఒకదాన్ని ఒకటి పట్టుకొని ఉన్నయి."

ఎలుకల సంగతి కూడా చెప్పింది. చిన్న ఎలుకను రోజూ కాసేపు ఒక పెద్ద ఎలుక బోనులో వదులుతారట. అది దీన్ని తరుముతుంది, కరుస్తుంది. కొన్ని రోజులకు గాయం మానినా, చిన్న ఎలుక తీపినీళ్లు పెట్టినా తాగదు, మూలన కూర్చుంటుంది. ఊరికే అలా తాకినా నొప్పి పుట్టినట్టు కాలు లాక్కుంటుంది. మనుషుల్లోనూ అచ్చం ఇలాగే జరుగుతుందని చెప్పలేమనీ, ఇంకా తేలాల్సింది చాలా ఉందనీ, దారి మాత్రం అదేలా కనిపిస్తోందనీ అంది.

"పెద్ద ఎలుక ఎంబీఏ చేసిందా మేడం?"

ఆమె పెన్ను తీసి నా చీటీలో ఏదో రాసుకుంది. "జోకు వేసినంక నొప్పి ఎంత ఉంటది? పదికి."

నా జీవితంలో నన్నెవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. మీటింగులో నవ్వు అయిపోయిన తర్వాతి క్షణం గుర్తొచ్చింది. అందరి నవ్వూ ఆగిపోయి, అందరూ కూర్చుని, నేను నిలబడి ఉండే ఆ క్షణం. జోకు నన్ను కాపాడుతుందనుకున్నాను. నిజానికి నన్ను నిలబెట్టడం వాళ్లకు సులువు చేసింది.

"రాసుకోలేదు మేడం," అన్నాను.

"ఈసారి రాయి," అంది.

తిరుగు బస్సులో నాన్న చాలాసేపు క్లచ్ ఊసెత్తలేదు. దారి సగం దాటాక అన్నాడు, "ఒక యేడాది మా డిపో బోర్డు మీద నా పేరు రాసిండ్రు. డీజిల్ ఎక్కువ కాలుస్తున్నడు అని. వచ్చేటోళ్లు పోయేటోళ్లు అందరు సదివెటోళ్లు. ఆ నెలంత పన్నునొప్పి. తట్టుకోలేక పీకిపిచ్చుకున్న."

"పోయిందా?"

"పన్ను పోయింది."

ఇద్దరం కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వాం. తనకు ఎప్పుడూ ఏ నొప్పీ రాలేదన్న మాట నాన్న ఆ తర్వాత మళ్లీ అనలేదు.

డాక్టరమ్మ ఇచ్చినవి మూడు. దిగులుకూ నొప్పికీ రెండిటికీ పనిచేసే ఒక మాత్ర, రోజూ నడక, వారానికోసారి కౌన్సిలర్‌తో మాట్లాడటం. అమ్మకు మాత్ర దగ్గర ఇబ్బంది వచ్చింది.

"పిచ్చి గోలీలారా ఇవి?"

"కాదమ్మా. దిగులుకు."

"పక్కింటామె అడిగితే ఏం చెప్పాలె?"

"నిజం చెప్పు."

అమ్మ నిజం చెప్పలేదు, కాల్షియం అని చెప్పింది. రెండు వారాలకు నేను వీధి చివరిదాకా నడిచి వస్తుంటే చూసి పక్కింటామె, ఆ కాల్షియం మంచిగ పనిచేస్తున్నట్టుంది, పేరు రాసిమ్మని వచ్చి కూర్చుంది. ఆమెను వెనక్కి పంపడానికి అమ్మకు చివరికి నిజమే చెప్పాల్సి వచ్చింది. అంతా విని పక్కింటామె, "నాకు గూడ గసొంటిదేనేమో వదినా," అని చాలాసేపు కూర్చుంది. అమ్మ రెండుసార్లు టీ పెట్టింది.

జూన్ ఆఖరి వారంలో కాలేజీకి వెళ్లాను. నొప్పి పూర్తిగా పోలేదు, కాస్త సౌండు తగ్గింది. ముందురోజే లెక్కల సార్‌కు ఫోన్ చేసి ఎలుక సంగతంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"పదకొండేండ్ల సంది నిలబడుతున్ననే తమ్మీ," అన్నాడు. "మోకాళ్లు అరిగినయి అనుకున్న."

సోమవారం తొమ్మిదింటికి నా పేరు వచ్చింది. సెలవులో ఉన్నవాడికి అడ్మిషన్లు ఎక్కణ్నుంచి వస్తాయి? సున్నా అన్నాను. కూర్చునే ఉన్నాను.

"లేవండి మాస్టారూ," అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

"నిలబడలేను సార్. నొప్పి ఉంది. నిలబడితే ఎక్కువవుతుంది."

గదిలో అందరూ ఆగారు. జోకు కోసం ఎదురుచూస్తున్నారని అర్థమైంది. ప్రిన్సిపాల్‌గారు కూడా నవ్వడానికి సిద్ధంగా ముఖం పెట్టుకొని చూస్తున్నారు. నా నాలుక మీద ఒకటి కాదు, రెండు ఉన్నాయి. మింగేశాను. అంత కష్టమైన పని నేను ఇంజనీరింగ్‌లో కూడా చేయలేదు.

"సరే, కూర్చోండి," అన్నారాయన, అప్పటికే కూర్చుని ఉన్న నాతో.

తర్వాత లెక్కల సార్ పేరు. ఆయన అలవాటుగా సగం లేచి, మధ్యలో ఆగి, కూర్చున్నాడు.

"మీకూ నడుమేనా?"

"కాద్సార్. మోకాళ్లు."

"నాకు మెడ సార్," అంది ఇంగ్లీషు మేడం, తన పేరు ఇంకా పిలవకముందే. ఆమెకు ఆ వారం మూడు అడ్మిషన్లు ఉన్నాయి, నిలబడాల్సిన పనే లేదు. అయినా చెప్పింది.

ప్రిన్సిపాల్‌గారు జాబితా మీద పెన్ను పెట్టి చాలాసేపు చూశారు. "నన్ను ఆయన మంగళవారం నిలబెడతారండీ," అన్నారు మెల్లగా. ఆయన అంటే చైర్మన్. పెద్ద ఎలుక మీద ఇంకో ఎలుక ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు. ప్రిన్సిపాల్‌గారి మీద చూపిద్దామని చాలా రోజులుగా కోపం దాచుకున్నాను. అదంతా ఆ ఒక్క మాటతో చెడిపోయింది.

ఏదో విప్లవం వచ్చిందనుకోవద్దు. నిలబెట్టడం మాత్రం ఆగింది. ఇప్పుడు అదే జాబితా వాట్సాప్ గ్రూపులో వస్తుంది. కాబట్టి నిలబడి అవమానపడనక్కర్లేదు, పడుకొని కూడా పడవచ్చు. నేను ఆ గ్రూపు చప్పుడు ఆపేశాను.

జూలైలో క్లాసులు మొదలయ్యాయి. నలుగురూ వచ్చారు. పాఠం సగంలో నడుము పట్టింది. ఇదివరకైతే ఏదో ఒకటి అనేసి, నవ్వించి, గోడకు ఆనుకునేవాణ్ని.

"నడుము నొస్తుంది. కాసేపు కూసొని చెప్తా," అని బోర్డు కింది అరుగు అంచున కూర్చున్నాను.

వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"నిజంగనా సార్, యాక్షనా?" అన్నాడు వెనక కూర్చునే అబ్బాయి.

"నిజంగనే."

"మరి బోర్డు మీద ఎవరు రాయాలె?"

హాలియా అమ్మాయి లేచి వచ్చి సుద్దముక్క తీసుకుంది. ఇంజను సైకిల్ బొమ్మ గీసింది.

"సార్ గీసిందానికంటె మంచిగుంది," అన్నాడు వెనకబ్బాయి.

"ఉంటది. కానీ తప్పు," అన్నాను.

ఆమె చెరిపి మళ్లీ గీసింది. మళ్లీ తప్పే, ఈసారి వేరే చోట. లేచి వెళ్లి దిద్దుదామని చెయ్యి లాగింది కానీ, కదలకుండా కూర్చుని, ఎక్కడ తప్పో వాళ్లనే వెతకమన్నాను. నలుగురూ బోర్డు దగ్గరికి చేరి వాదించుకోవడం మొదలుపెట్టారు. గంట మోగింది. ఎవరూ కదల్లేదు. వాళ్లు తప్పు దొరకక, నేను నడుము లేవక.